కామిక్ స్ట్రిప్ నుంచి స్పై కామెడీ సినిమా: మొదటి గడి నుంచి బౌండ్ స్క్రిప్ట్ దాకా

పేపర్లో రోజూ నాలుగు గళ్లలో నవ్వించే గూఢచారిని రెండు గంటల సినిమాలో ఎలా నిలబెట్టాలి అని కొత్తగా స్క్రిప్టులు రాస్తున్నవాళ్లు నన్ను తరచూ అడుగుతుంటారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పిన జవాబులన్నీ కలిపి, పని జరగాల్సిన వరుసలో ఇక్కడ పెడుతున్నాను.

ముందుగా ఒక్క మాట. ప్రతి స్ట్రిప్‌లోనూ ఏళ్లు గడిచినా మారని విషయం ఒకటుంటుంది. పాఠకుడు రోజూ పేజీ తిప్పి వెతుక్కునేది దానికోసమే. దాన్ని కనుక్కోవాలి, కథకు ఇంజిన్ చేసుకోవాలి, చివరి డ్రాఫ్ట్ దాకా చెయ్యి జారకుండా చూసుకోవాలి. కింద చెప్పే అడుగులన్నీ దానికోసమే.

1. హక్కులు తేలాకే రాయడం మొదలుపెట్టండి

బొమ్మలు గీసినవారే స్ట్రిప్‌కు యజమాని అనుకోకండి. చాలా స్ట్రిప్‌ల హక్కులు పత్రిక దగ్గరో, పత్రికలకు స్ట్రిప్‌లు సరఫరా చేసే సిండికేట్ దగ్గరో ఉంటాయి. పాత్ర పేరు, లోగో ట్రేడ్‌మార్క్ కింద మరొకరి చేతిలో ఉండొచ్చు. రచయిత ఒకరు, చిత్రకారుడు ఒకరు అయితే ఇద్దరి ఒప్పందాలూ చూడాలి.

ఒకసారి నేను చిత్రకారుడి నోటిమాట మీద నాలుగు నెలలు కూర్చుని రాశాను. సినిమా హక్కులు అప్పటికే వేరేచోట ఉన్నాయని ఆ తర్వాత తెలిసింది. ఆ స్క్రిప్ట్ ఇప్పటికీ బీరువాలోనే ఉంది. అందుకే దీన్ని మొదటి అడుగుగా పెట్టాను.

మొత్తం హక్కులు ఒకేసారి కొనే స్తోమత లేకపోతే ఆప్షన్ ఒప్పందం అడగండి. కొంత డబ్బు కట్టి, ఒక గడువు వరకు ఆ హక్కుల్ని వేరెవరికీ ఇవ్వకుండా మీ పేరున ఆపి ఉంచుకోవడమే ఆప్షన్. ఆ గడువులోగా స్క్రిప్ట్ పూర్తిచేసి నిర్మాతను వెతుక్కోవాలి.

ఒప్పందంలో చూసుకోవాల్సినవి:

- సినిమా హక్కులు ఒక్కటేనా, సిరీస్, యానిమేషన్, సీక్వెల్ కూడా కలిసి ఉన్నాయా
- ఏ భాషల్లో తీయొచ్చు
- పాత్ర పేరు, లోగో వాడుకోవచ్చా
- ఆప్షన్ గడువు ఎంత, పొడిగించాలంటే ఎంత కట్టాలి
- స్క్రిప్ట్‌ను స్ట్రిప్ సృష్టికర్త ఆమోదించాలా, ఆమోదించాలంటే ఏ దశలో

సాధన కోసమే రాస్తుంటే ఇదంతా అక్కర్లేదు. కానీ ఆ స్క్రిప్ట్‌ను ఎవరికీ అమ్మజూపకండి.

2. కనీసం 300 స్ట్రిప్‌లు చదవండి

వారానికి ఆరు రోజులు వచ్చే స్ట్రిప్ అయితే ఏడాదికి 300 పైచిలుకు అవుతాయి. ఒక పూర్తి సంవత్సరం వరుసగా చదవండి. అభిమానులు మెచ్చిన వంద ఏరుకుని చదివితే పని జరగదు. అవి జోకులు చూపిస్తాయి తప్ప అలవాట్లు చూపించవు. మనకు కావలసినవి అలవాట్లు.

మొదటిసారి ఊరికే చదవండి. రెండోసారి కార్డులు దగ్గర పెట్టుకుని, ఒక్కో కార్డు మీద ఒక్కో విషయం రాయండి: పదేపదే వచ్చే జోకు, హీరో ఎప్పుడూ చేయని పని, పై అధికారితో మాట్లాడే తీరు, గాడ్జెట్‌లు పనిచేసే తీరు లేదా పనిచేయని తీరు, విలన్ తప్పించుకునే పద్ధతి.

స్ట్రిప్ రకం కూడా తేల్చుకోండి. కొన్ని స్ట్రిప్‌లలో ఏ రోజు జోకు ఆ రోజే అయిపోతుంది. కొన్నిటిలో ఒకే కథ నెలల తరబడి సాగుతుంది. రెండో రకంలో మొదటి గడి నిన్నటి సంగతి గుర్తుచేస్తుంది, చివరి గడి రేపటికి ఉత్కంఠ మిగులుస్తుంది. అవి వరుసగా చదువుతుంటే కథ చాలా వేగంగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ గుర్తుచేయడాలూ ఉత్కంఠలూ తీసేసి చూస్తే అసలు కథ ఎంత ఉందో తెలుస్తుంది. తరచుగా సగమే మిగులుతుంది. ఈ లెక్క ముందే వేసుకుంటే తర్వాత టెన్షన్ పడక్కర్లేదు.

3. మారని విషయాన్ని ఒక్క వాక్యంలో రాయండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి.

పీటర్ ఓడానెల్ రచన, జిమ్ హోల్డవే బొమ్మలతో మోడెస్టీ బ్లేజ్ స్ట్రిప్ 1963లో లండన్ ఈవెనింగ్ స్టాండర్డ్‌లో మొదలైంది. మోడెస్టీ, విల్లీ గార్విన్ ఒకరికోసం ఒకరు ప్రాణం ఇచ్చే జంట. కానీ వాళ్లెప్పుడూ ప్రేమికులు కారు. 2001లో స్ట్రిప్ ముగిసేదాకా ఆ గీత చెరగలేదు. ఇద్దరి మధ్య నమ్మకానికి ఉన్న బలమంతా అందులోనే ఉంది.

1966లో జోసెఫ్ లోసీ దాన్ని రంగురంగుల స్పై కామెడీగా తీశారు. మోనికా విట్టి, టెరెన్స్ స్టాంప్ నటించారు. అందులో వాళ్లిద్దరూ ప్రేమగీతం పాడుకుంటారు. ఆ పాట మొదలయ్యేసరికి స్ట్రిప్ చదివినవాళ్లకు తెలిసిన మోడెస్టీ, విల్లీ తెరమీద మాయమైపోతారు. ఓడానెల్ స్వయంగా రాసిన స్క్రిప్ట్‌ను వేరేవాళ్లు చాలాసార్లు తిరగరాశారు. చివరికి తను రాసిన వాక్యం ఒక్కటే మిగిలిందని ఆయన చెప్పుకున్నారు. తను మొదట రాసిన స్క్రిప్ట్ కథను ఆయన నవలగా రాశారు. 1965లో వచ్చిన ఆ నవల పాఠకులకు నచ్చి, దాని వెనక ఇంకెన్నో నవలలు వచ్చాయి.

మీ కార్డులన్నీ నేలమీద పరిచి ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి:

- హీరో ఏ పని చేస్తే ఈ స్ట్రిప్ మర్నాటికి ఆగిపోతుంది?
- ఏ ఇద్దరి మధ్య ఏ బంధం మారితే పాఠకుడికి కోపం వస్తుంది?
- ఏ జోకు వందోసారి వచ్చినా నవ్వొస్తుంది? ఎందుకొస్తుంది?

మూడు జవాబులూ ఒకేచోటికి చేరేదాకా తవ్వండి. చేరాక ఒక్క వాక్యంలో రాసి గోడకు అంటించండి.

ఈ గైడ్ కోసం ఒక ఊహా స్ట్రిప్ తీసుకుందాం. ఏజెంట్ 9కి చీఫ్ రోజూ ఒక రహస్య ఉత్తరం ఇచ్చి "చదవగానే కాల్చెయ్" అంటాడు. 9 చదవకుండానే కాల్చేస్తాడు. ఏం చేయాలో తెలియకుండానే మిషన్‌కు బయలుదేరతాడు. అసిస్టెంట్ మీరా వెనకాలే పరుగెడుతుంది. ఇదే రోజూ జోకు.

దీన్ని "9 తెలివితక్కువవాడు" అని రాసుకుంటే సినిమా పది నిమిషాల్లో అయిపోతుంది. మళ్లీ చూడండి. 9 మూర్ఖుడు కాదు, అతివిధేయుడు. ఆదేశంలో చివరి మాట ఏదైతే అదే చేస్తాడు. ఇప్పుడు వాక్యం ఇలా వస్తుంది: 9 ఉత్తరం చదవడు, ఎందుకంటే రహస్యాన్ని కాపాడటమే తన ఉద్యోగమని మనస్ఫూర్తిగా నమ్ముతాడు. గుణం మీద నిలబడ్డ జోకు రెండు గంటలు నడుస్తుంది.

4. ఆ వాక్యాన్నే మిషన్‌గా మార్చండి

చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. ఒక స్పై కథ ఎక్కడినుంచో తెచ్చి, స్ట్రిప్ పాత్రల్ని అందులో కూర్చోబెడతారు. అప్పుడు కథ ఒకవైపు, జోకులు ఇంకోవైపు లాగుతాయి.

మిషన్‌కు ఈ మనిషి తప్ప ఇంకెవరూ పనికిరారు అనిపించే పరిస్థితి వెతకండి. మన ఉదాహరణలో చూడండి. సంస్థలో ఒక ద్రోహి ఉన్నాడు. ఏజెంట్లకు వెళ్లే ప్రతి ఉత్తరం వాడు ముందే చదివి శత్రువుకు అందిస్తున్నాడు. ప్రతి ఏజెంటూ ఎక్కడికి వెళ్తాడో, ఏం చేస్తాడో శత్రువుకు తెలిసిపోతోంది. ఒక్క 9 ఏం చేస్తాడో మాత్రం ఎవరికీ తెలియదు, ఎందుకంటే 9కే తెలియదు. అందుకే చీఫ్ అతన్ని పంపుతాడు. స్ట్రిప్‌లో రోజూ నవ్వించిన లోపమే ఇక్కడ ఆయుధం అయింది.

ఇక మిగతా ఎముకల గూడు త్వరగానే వస్తుంది. అందరూ వెంటపడే వస్తువు ఒకటి కావాలి. హిచ్‌కాక్ దాన్ని మెక్‌గఫిన్ అనేవారు. దాని సాంకేతిక వివరాలు ప్రేక్షకుడికి అక్కర్లేదు. ఎవరి దగ్గర ఉంది, దొరక్కపోతే ఏమవుతుంది అనే రెండూ తెలిస్తే చాలు.

కథ మధ్యలో అదే గుణం హీరోను ప్రమాదంలోకి తోయాలి. విలన్ 9ని పట్టుకుని "ఉత్తరంలో ఏముంది?" అంటాడు. "తెలియదు" అంటాడు 9. అబద్ధాలు పట్టే యంత్రం నిజమే అంటుంది. యంత్రాన్నే మోసం చేసేంత గొప్ప ఏజెంట్ అనుకుని విలన్ భయపడతాడు. ఆ భయంతోనే 9ని వదలకుండా తనతో తీసుకెళ్తాడు. నవ్వు వచ్చింది, చిక్కు ముదిరింది. ఒకే సంఘటన రెండు పనులూ చేయాలి.

క్లైమాక్స్‌లో ఆ గుణాన్ని వంచొచ్చు కానీ విరవకూడదు. 9 చివర్లో బుద్ధి తెచ్చుకుని ఉత్తరాలు చదవడం మొదలుపెడితే స్ట్రిప్ చచ్చిపోయినట్టే. దానికి బదులు, మీరా ఇన్నేళ్లూ సగం కాలిన కాగితపు ముక్కలన్నీ ఒక రేకు డబ్బాలో దాచింది అనుకోండి. ఆ ముక్కల అంచుల మీద ద్రోహి వేలిముద్రలు ఉంటాయి. 9 చదవలేదు, తనలాగే ఉన్నాడు, కేసు తేలింది.

రాసేముందు సరిచూసుకోండి:

- వేరే ఏజెంట్‌ను పెడితే ఈ కథ కూలిపోతుందా? కూలిపోవాలి.
- మిషన్ ఏమిటో ఒక పదేళ్ల పిల్లవాడు ఒక్క వాక్యంలో చెప్పగలడా?
- పాత్రలు ప్రమాదాన్ని సీరియస్‌గా తీసుకుంటున్నాయా?

మూడో ప్రశ్న దగ్గర రాజీపడకండి. ప్రేక్షకుడు నవ్వాలంటే పాత్రలు నవ్వకూడదు. బాంబు దగ్గర హీరో జోకు వేస్తే బాంబు ఉత్తుత్తిదైపోతుంది.

5. నాలుగు గళ్లను సీన్‌గా విప్పడం

స్ట్రిప్‌లో ఇలా ఉందనుకోండి. మొదటి గడిలో చీఫ్ కవరు అందిస్తాడు. రెండో గడిలో "చదవగానే కాల్చెయ్." మూడో గడిలో పొగ. నాలుగో గడిలో మీరా: "ఏముంది సార్ అందులో?" 9: "కాల్చమన్నారు, కాల్చాను."

దీన్ని ఉన్నదున్నట్టు తీస్తే 15 సెకన్లు వస్తుంది, ఎవరూ నవ్వరు. పేపర్లో వేగం పాఠకుడి చేతిలో ఉంటుంది. గడికీ గడికీ మధ్య తెల్లటి ఖాళీలో ఏం జరిగిందో అతనే ఊహించుకుంటాడు. ఆ ఊహలోనే నవ్వు పుడుతుంది. సినిమాలో ఆ ఖాళీ ఉండదు. మనమే కల్పించాలి.

మూడు పనులు చేయండి. ఆ ఉత్తరం ఎంత విలువైనదో ముందు సీన్‌లో చూపండి: గాయపడ్డ ఒక ఏజెంట్ రాత్రంతా ప్రయాణం చేసి దాన్ని తెచ్చి చీఫ్ చేతిలో పెట్టి కూలిపోయాడు. తర్వాత, 9 చదువుతాడేమో అని ప్రేక్షకుడికి ఆశ పెట్టండి. చివరగా, అసలు ఘట్టాన్ని చూపకుండా కట్ చేయండి. సీన్ ఇలా వస్తుంది:

చీఫ్ గది. రాత్రి.

చీఫ్ కవరును రెండు చేతులతో బల్లమీద పెడతాడు.
చీఫ్: దీనికోసం ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. చదవగానే కాల్చెయ్.
9 లేచి నిలబడి అందుకుంటాడు.

వరండా. అదే రాత్రి.

9 లైటర్ నొక్కుతాడు. వెలగదు. మళ్లీ నొక్కుతాడు. వెలగదు.
కవరు వైపు చూస్తాడు. మెల్లగా చింపుతాడు. కాగితం బయటికి తీస్తాడు. మడత విప్పుతాడు.
కాగితాన్ని గాల్లో ఆరబెట్టినట్టు ఊపుతాడు, అక్షరాలు అవతలివైపు ఉండేలా పట్టుకుని.
మీరా వస్తుంది. చేతిలో రేకు డబ్బా.
9: అగ్గిపెట్టె ఉందా?
మీరా: ఉంది సార్. చదివారా?
9 ఆమె వైపు బాధగా చూస్తాడు.
9: రహస్యం అమ్మా అది.

కట్.

మీరా మోకాళ్లమీద కూర్చుని నేలమీది బూడిదలోంచి ఒక ముక్క ఏరుతోంది. 9 కోటు గుండీలు పెట్టుకుంటూ మెట్లు దిగిపోతున్నాడు.
మీరా: సార్! ఎక్కడికి?
9 ఆగుతాడు. ఆలోచిస్తాడు.
9: మిషన్‌కి.

ఇందులో అగ్గిపుల్ల గీయడం ఎక్కడా లేదు. గడి మధ్య ఖాళీని కట్ చేసిన పని అది. అసలు జోకు డైలాగ్ కూడా పోయింది, దాని చోట పాత్ర గుణం నుంచి వచ్చిన "రహస్యం అమ్మా అది" నిలిచింది. క్లైమాక్స్‌లో పనికొచ్చే రేకు డబ్బా ఎవరికీ అనుమానం రాకుండా సీన్‌లోకి వచ్చేసింది. మీరు విప్పే ప్రతి స్ట్రిప్ సీన్‌లోనూ ఇలాంటి విత్తనం ఒకటి నాటండి.

మొత్తం సినిమాకు ఇలా నేరుగా స్ట్రిప్ నుంచి విప్పే సీన్లు ఎనిమిదో పదో సరిపోతాయి. అంతకంటే ఎక్కువైతే స్కిట్లు గుదిగుచ్చినట్టు ఉంటుంది.

6. దెబ్బల చట్టం ముందే రాసుకోండి

కార్టూన్‌లో మనిషి మీద పియానో పడితే తర్వాతి గడిలో లేచి నడుస్తాడు. మీ సినిమాలో ఏమవుతుంది? మొదటి పది నిమిషాల్లో తేల్చి, చివరిదాకా అదే పాటించాలి.

ఫ్రాన్సిస్కో ఇబాన్యెజ్ 1958లో సృష్టించిన స్పానిష్ గూఢచారుల జంట మోర్టాడెలో, ఫిలెమోన్ కథల్లో గడిగడికీ దెబ్బలే. 2003లో హవియర్ ఫెస్సర్ నిజం నటులతో సినిమా తీసినప్పుడు ఆ సాగడాలు, చితకడాలు తగ్గించకుండా డిజిటల్ ఎఫెక్ట్స్‌తో అలాగే ఉంచారు. వాళ్లు పనిచేసే సంస్థ పేరు టీఐఏ. స్పానిష్‌లో ఆ మాటకు అత్త, పిన్ని లాంటి అర్థం. పేరే అలా ఉన్న లోకంలో మనిషి బల్లపరుపుగా అయిపోయి మళ్లీ లేచినా ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు.

మీది అంత దూరం వెళ్లే స్ట్రిప్ కాకపోతే మధ్యేమార్గం ఉంది: హీరో జట్టుకు తగిలేవి నొప్పి పుట్టించే దెబ్బలు, విలన్ బెదిరింపు మాత్రం నిజమైన చావు. ఏది ఎంచుకున్నా సగంలో మార్చకండి. మొదటి గంట రబ్బరు మనుషుల్లా ఎగిరిపడ్డవాళ్లలో ఒకరు చివర్లో నెత్తురోడుతూ చనిపోతే ప్రేక్షకుడు మోసపోయినట్టు భావిస్తాడు.

7. బుడగలోని మాట, నోటిలోని మాట

సంభాషణ బుడగలో స్థలం తక్కువ. అందుకే స్ట్రిప్ డైలాగ్ బిగువుగా ఉంటుంది, కానీ చాలాసార్లు సమాచారం మోస్తుంది. ఆ మోతను దృశ్యానికి అప్పగించండి. ఆలోచన బుడగలను వాయిస్ ఓవర్‌గా మార్చకండి. ఆ ఆలోచన వల్ల చెయ్యి ఏం చేస్తుందో రాయండి.

ప్రతి డైలాగూ పైకి చదవండి. ఒక్క ఊపిరిలో రాకపోతే రెండుగా విరవండి.

8. రూపం

స్ట్రిప్ హీరో ఏళ్ల తరబడి ఒకే దుస్తుల్లో ఉంటాడు. నీడ చూసి గుర్తుపట్టేలా గీసి ఉంటారు. నటుడిని ముఖం పోలికతో వెతక్కండి, నడక, నిలబడే తీరు చూడండి. స్క్రిప్ట్‌లో పాత్ర పరిచయం కూడా నీడతోనే రాయండి: "మెట్లమీద పొడవాటి కోటు, పక్కన దానికి సగం ఎత్తులో ఒక డబ్బా పట్టుకున్న అమ్మాయి."

కామెడీ సీన్లలో మనిషి తలనుంచి కాలిదాకా కనిపించే ఫ్రేమ్ సూచించండి. చెయ్యి జారడం, కాలు తడబడటం ఒకే షాట్‌లో కనబడాలి. ముక్కలుగా నరికితే టైమింగ్ పోతుంది.

9. తరచుగా జరిగే తప్పులు, సర్దుబాట్లు

మొదటి అరగంట అంతా పరిచయాలే. స్ట్రిప్ తెలియనివాళ్ల కోసమని మూలకథ చెబుతారు. స్ట్రిప్ ఎప్పుడూ అలా మొదలవదు. నడుస్తున్న మిషన్ చివరి నిమిషాలతో ఎత్తుకోండి. ఆ మూడు నిమిషాల్లో హీరో గుణం తెలిసిపోవాలి.

స్ట్రిప్‌లోని విలన్లందరినీ దింపడం. ఒక్కడిని ఉంచండి. మిగతావారు గోడమీది ఫొటోల్లో కనిపిస్తే అభిమానులకు అది చాలు.

మూలం చాలకపోవడం. రెడ్ అనే మూడు సంచికల చిన్న కామిక్‌ను 2010లో సినిమాగా తీసినప్పుడు ఇదే పరిస్థితి. ఆ కామిక్ రక్తపాతంతో నిండిన గంభీరమైన కథ. సినిమా దాన్ని కామెడీగా మార్చి, రిటైరైన గూఢచారి చుట్టూ పాత మిత్రుల జట్టునే కొత్తగా కల్పించింది. విశ్రాంతి ఇచ్చేసిన మనిషిని సంస్థే చంపాలనుకుంటుంది అనే మూలబిందువు మాత్రం కదల్లేదు. మీరూ పాత్రలు కలపండి, స్వరం మార్చండి, గోడమీద అంటించిన వాక్యాన్ని ముట్టుకోకండి.

గాడ్జెట్ అప్పటికప్పుడు ప్రత్యక్షమై హీరోను కాపాడటం. ప్రతి గాడ్జెట్‌కూ మూడు సీన్లు పెట్టండి: పరిచయం, విఫలమవడం, ఎవరూ అనుకోని పనికి పనికిరావడం.

ప్రేక్షకుడికి తికమక. స్పై కథలో మోసాలు ఎక్కువైతే నవ్వు ఆగిపోతుంది, ఎందుకంటే లెక్క తేల్చుకుంటున్నవాడు నవ్వలేడు. ద్రోహి ఎవరో ప్రేక్షకుడికి ముందే చెప్పేసి, హీరోకు చెప్పకండి. ఉత్కంఠ, నవ్వు రెండూ పెరుగుతాయి.

10. సీన్ ఆర్డర్, డ్రాఫ్ట్‌లు

కార్డులమీద సీన్ ఆర్డర్ పూర్తయ్యాకే డైలాగ్ రాయండి. పేజీకి సుమారు ఒక నిమిషం లెక్కన 100 నుంచి 110 పేజీలు లక్ష్యం. మొదటి డ్రాఫ్ట్‌లో కథ నిలబడిందో లేదో మాత్రమే చూడండి, జోకుల్ని దిద్దకండి. రెండో డ్రాఫ్ట్‌లో నవ్వు. మూడో డ్రాఫ్ట్‌లో కోత.

11. చదివి వినిపించడం

బౌండ్ స్క్రిప్ట్, అంటే అన్నీ ఖరారై బైండింగ్ చేసిన పూర్తి స్క్రిప్ట్, చేసేముందు ఆరేడుగురిని కూర్చోబెట్టి పాత్రలవారీగా చదివించండి. సగంమంది ఆ స్ట్రిప్ ఎప్పుడూ చూడనివాళ్లై ఉండాలి. మీరు చదవకండి. గోడవారగా కూర్చుని రెండు రంగుల పెన్సిళ్లతో గుర్తులు పెట్టండి: నవ్విన చోట ఒకటి, పేజీ వెనక్కి తిప్పిన చోట ఇంకొకటి.

- ఐదు పేజీలు వరుసగా నవ్వు లేదు: జోకు చేర్చకండి. ఆ పేజీల్లో హీరో గుణం పనిచేయడం ఆగిపోయి ఉంటుంది, దాన్ని తిరిగి తెండి.
- స్ట్రిప్ తెలిసినవాళ్లు మాత్రమే నవ్వారు: ఆ జోకుకు ముందు సీన్‌లో పునాది లేదు.
- పేజీ వెనక్కి తిప్పారు: మిషన్ ఎక్కడో మసకబారింది. ఒక మలుపు తీసేయండి.
- అందరూ నవ్వారు కానీ తర్వాతి పేజీలో ప్రమాదం ఎవరికీ పట్టలేదు: పాత్ర తన జోకుకు తనే నవ్వుతోంది. ఆ డైలాగ్ కొట్టేయండి.

చదవడం అయ్యాక ఒక్కొక్కరినీ విడిగా అడగండి: "హీరో ఎలాంటి మనిషి?" మీరు గోడకు అంటించిన వాక్యానికి దగ్గరగా వాళ్ల జవాబులు వచ్చాయంటే స్క్రిప్ట్ బైండింగ్‌కు పంపొచ్చు. రాకపోతే మూడో అడుగు దగ్గరికి తిరిగి వెళ్లి, అవే కార్డులు మళ్లీ నేలమీద పరవండి.